పావుగంట వెనక నడిచే కాపీ: రెండు చిన్న పీసీలతో వర్చువల్ మెషిన్ డిస్క్ రెప్లికేషన్

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, మిర్చి కమీషన్ కొట్లకు కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. అన్నిచోట్లా ఏర్పాటు ఇంచుమించు ఒకటే. ఆఫీసు గదిలో ఒక చిన్న పీసీ, దాని మీద ప్రాక్స్‌మాక్స్ (ఒక పీసీ లోపల సాఫ్ట్‌వేర్‌తో వేరే కంప్యూటర్లను నడిపే సిస్టమ్), అందులో ఒక విండోస్ వర్చువల్ మెషిన్, అంటే అలా లోపల నడిచే కంప్యూటర్, ఆ విండోస్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్. ఏ రైతువి ఎన్ని టిక్కీలు ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, ఏ బాండ్ బ్యాంకులో తాకట్టు ఉంది, ఎవరి అద్దె ఎంత బాకీ, అంతా అందులోనే. సీజన్‌లో గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నప్పుడు ఆ పీసీలో ఎస్ఎస్‌డీ పోతే రాత్రి తీసిన బ్యాకప్ సగమే ఆదుకుంటుంది. పొద్దుటి నుంచి దిగిన సరుకు అందులో ఉండదు.

అందుకని బ్యాకప్‌తో పాటు, ఆ డిస్క్‌కి ఒక కాపీ పక్క పీసీలో ఎప్పటికప్పుడు తాజా అవుతూ ఉండాలి. మొదటి పీసీ పోతే రెండోదాంట్లో అదే వర్చువల్ మెషిన్‌ని ఆన్ చేసి పని సాగించాలి. రెప్లికేషన్ అనే ఈ ఏర్పాటుని నేను ఎలా పెడతానో, ఏవి వద్దనుకుంటానో రాస్తున్నాను.

ముందు ఓనర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎంతసేపటి పని పోయినా తట్టుకోగలరు? "ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు" అని అందరూ అంటారు. కానీ చివరి పావుగంటలో కొట్టిన చీటీల కార్బన్ కాపీలు బల్ల మీదే ఉంటాయి, వాటిని మళ్లీ ఎంటర్ చేసుకోవచ్చు అని గుర్తుచేస్తే మాట మారుతుంది. ఆ జవాబును బట్టే పద్ధతి ఎంచుకోవాలి.

క్షణం తేడా లేని కాపీ ఎందుకు వద్దంటాను

ఒక్క బైటు కూడా పోకూడదంటే డీఆర్‌బీడీ ఉంది, ఒక పీసీ డిస్క్ మీది ప్రతి రాతనూ అప్పటికప్పుడు రెండోదానికీ పంపే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రియాకు చెందిన లిన్‌బిట్ కంపెనీ దీన్ని తయారుచేస్తుంది. 2010లో 2.6.33 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లోనే చేరింది. ఇందులో ఏ, బీ, సీ అని మూడు ప్రోటోకాల్స్ ఉంటాయి. సీ అయితే రెండో మెషిన్ డిస్క్ మీద కూడా రాత పూర్తయ్యాకే "రాశాను" అని విండోస్‌కి జవాబు వెళ్తుంది. బీ అయితే అవతలి మెషిన్ మెమరీకి చేరితే చాలు. ఏ అయితే ఇక్కడి డిస్క్ మీద రాసి, నెట్‌వర్క్ బఫర్‌లో పెట్టేసి ముందుకు పోతుంది.

మంచి సాధనమే. పెద్ద ఆఫీసులో, దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉన్నచోట పెట్టుకోండి. చిన్న కొట్లో మాత్రం నేను పెట్టను. సీ ప్రోటోకాల్‌తో ప్రతి రాత నెట్‌వర్క్ మీద ఆధారపడుతుంది. స్విచ్ పాతదైతే సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తుంది, ఫోన్ నాకు వస్తుంది. అసలు భయం స్ప్లిట్ బ్రెయిన్. రెండు పీసీల మధ్య కేబుల్ ఊడి, రెండూ తమకు తామే అసలు కాపీ అనుకుని రాసుకుంటూ పోతే, ఒకే చిట్టా ఇద్దరు గుమస్తాలు విడివిడిగా రాసినట్టు అవుతుంది. తర్వాత ఎవరిదో ఒకరిది చించేయాల్సిందే.

నేను వాడేది ప్రాక్స్‌మాక్స్‌లో ఉన్న స్టోరేజ్ రెప్లికేషన్. ఇది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ తీసే స్నాప్‌షాట్ల (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలా పట్టి ఉంచే నకళ్ల) మీద నడుస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాక్‌తో పాటు అది ఎప్పుడు పుట్టిందో కూడా రాసి పెట్టుకుంటుంది. కాబట్టి పోయినసారి స్నాప్‌షాట్ తర్వాత ఏం మారిందో తెలుసుకోవడానికి డిస్క్ అంతా చదవనక్కర్లేదు. కొత్తగా పుట్టిన బ్లాకులను మాత్రం ఏరి పంపుతుంది. 200 జీబీ డిస్క్ అయినా, లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కటే నడిచే మెషిన్‌లో ఒక్కో విడత మామూలుగా కొద్ది సెకన్లలో ముగుస్తుంది.

మెషిన్లు, కేబుళ్లు

రెండు పీసీలూ ఒకే మోడల్ కానక్కర్లేదు. కానీ రెండోది కూడా ఆ విండోస్‌ని మోయగలగాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా తెచ్చి "కాపీ పెట్టుకోవడానికే కదా" అంటారు. రేపు అవసరం పడ్డ రోజు అది కాపీ పెట్టుకునే డబ్బా కాదు, అసలు సర్వరే. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి కూడా సొంతంగా కొంత ర్యామ్ కావాలి. 16 జీబీ కన్నా తక్కువ ఉన్నది నేను తీసుకోను. ఎస్ఎస్‌డీల్లో క్యూఎల్‌సీ రకం వద్దు, జెడ్‌ఎఫ్‌ఎస్ రాతలకు అవి త్వరగా అరిగిపోతాయి.

రెండు పీసీలనూ ఒకే యూపీఎస్‌కి, ఒకే బోర్డుకి తగిలించకండి. కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడు ఆఫీసులో లైట్లు ఎలా మసకబారతాయో చూసినవాళ్లకు నేనెందుకు చెబుతున్నానో తెలుస్తుంది. రెండో పీసీ వేరే గదిలో, వేరే యూపీఎస్ మీద ఉండాలి. కుదిరితే వేరే ఫేజ్ మీద.

మధ్యలో గిగాబిట్ నెట్‌వర్క్ ఉందని చూసుకోండి. కేబుల్‌లో ఒక్క జత సరిగా క్రింప్ కాకపోయినా లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది, ఎవరూ గమనించరు. తేడా మొదటి కాపీలో తెలుస్తుంది. 120 జీబీ డేటా గిగాబిట్ మీద 20 నిమిషాల్లో వెళ్తే, 100 ఎంబీపీఎస్ మీద మూడు గంటలకు దగ్గరవుతుంది.

క్లస్టర్, స్టోరేజ్

రెండు పీసీల్లోనూ ప్రాక్స్‌మాక్స్ ఒకే వెర్షన్ వేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ దగ్గర జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోండి. రెండు డిస్కులు ఉంటే రెయిడ్1 (రెండింటిలోనూ ఒకే డేటా), ఒకటే ఉంటే రెయిడ్0. ఇలా వేస్తే రెండింట్లోనూ లోకల్ జెడ్‌ఎఫ్‌ఎస్ అన్న ఒకే పేరుతో స్టోరేజ్ దానంతటదే వస్తుంది. రెప్లికేషన్‌కి ఇది తప్పనిసరి: రెండువైపులా జెడ్‌ఎఫ్‌ఎస్సే ఉండాలి, పేరూ ఒకటే ఉండాలి. ఐపీ అడ్రస్, మెషిన్ పేరు ముందే ఖాయం చేసుకోండి. క్లస్టర్ (రెండు పీసీలూ ఒకే జట్టుగా కలవడం) అయ్యాక మార్చడం పెద్ద తలనొప్పి.

తర్వాత, వర్చువల్ మెషిన్ ఉన్న పీసీలో డేటాసెంటర్ మెనూ కింద క్లస్టర్‌కి వెళ్లి క్రియేట్ నొక్కండి. జాయిన్ ఇన్ఫర్మేషన్ కాపీ చేసి, ఖాళీగా ఉన్న పీసీలో జాయిన్ క్లస్టర్ దగ్గర పేస్ట్ చేయండి. ఈ వరస తిరగబడకూడదు. వర్చువల్ మెషిన్లు ఉన్న పీసీని ఇంకో క్లస్టర్‌లో చేరనివ్వదు. చేరేది ఖాళీగానే ఉండాలి.

ఇన్‌స్టాలర్ ఇచ్చిన స్టోరేజ్ కాకుండా మీరే వేరే పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల చోటు) చేసి జతచేస్తే, థిన్ ప్రొవిజన్ అన్న చోట టిక్ పెట్టడం మర్చిపోవద్దు. అది లేకపోతే 200 జీబీ డిస్క్‌కి 200 జీబీ చోటు ముందే పక్కన పెట్టేస్తుంది. స్నాప్‌షాట్ తీసేటప్పుడు, లోపల 90 జీబీ డేటా ఉంటే ఇంకో 90 జీబీ ఖాళీ కావాలంటుంది. పూల్ సగం ఖాళీగా కనిపిస్తున్నా "అవుట్ ఆఫ్ స్పేస్" అని రెప్లికేషన్ ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అలాగే వర్చువల్ మెషిన్ డిస్క్ సెట్టింగ్స్‌లో డిస్కార్డ్ టిక్ చేయండి, విండోస్ చెరిపేసిన చోటు పూల్‌కి తిరిగి వస్తుంది. పూల్‌ని 80 శాతం దాటి నింపొద్దు.

గెస్ట్ ఏజెంట్

చాలామంది వదిలేసే మెట్టు ఇది. విండోస్ లోపల నడుస్తూ ప్రాక్స్‌మాక్స్ మాట వినే చిన్న ప్రోగ్రామే గెస్ట్ ఏజెంట్. ఏజెంట్ లేకుండా తీసిన స్నాప్‌షాట్ నడుస్తున్న పీసీకి ప్లగ్ పీకేస్తే డిస్క్ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. విండోస్ మళ్లీ లేస్తుంది, లేవదని కాదు. కానీ డేటాబేస్ రాత మధ్యలో ఉంటే రిపేర్ పని పడొచ్చు.

ఏజెంట్ ఉంటే, స్నాప్‌షాట్‌కి ముందు ప్రాక్స్‌మాక్స్ విండోస్‌కి కబురు పెడుతుంది. విండోస్ తన వీఎస్ఎస్ అనే సర్వీస్ ద్వారా చేతిలో ఉన్న రాతలు డిస్క్ మీద పెట్టేసి ఒక్క క్షణం ఆగుతుంది. స్నాప్‌షాట్ అయ్యాక మళ్లీ సాగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటివి ఈ పిలుపు వింటాయి. సొంత ఫైళ్లలో డేటా దాచుకునే పాత సాఫ్ట్‌వేర్లు వినవు, అయినా ఫైల్ సిస్టమ్ వరకు శుభ్రంగా ఉంటుంది.

పెట్టడం సులువు. వర్ట్ఐఓ విన్ ఐఎస్ఓని (విండోస్ డ్రైవర్లు ఉన్న సీడీ ఫైలుని) వర్చువల్ మెషిన్ సీడీ డ్రైవ్‌లో పెట్టి, అందులో గెస్ట్ ఏజెంట్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాలర్ నడపండి. ప్రాక్స్‌మాక్స్‌లో ఆ మెషిన్ ఆప్షన్స్‌లో క్యూఎము గెస్ట్ ఏజెంట్‌ని ఎనేబుల్ చేయండి. విండోస్ లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే సరిపోదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి ప్రాక్స్‌మాక్స్ నుంచి స్టార్ట్ చేయాలి. సమ్మరీ పేజీలో విండోస్ ఐపీ కనిపిస్తే ఏజెంట్ పనిచేస్తున్నట్టే. ఇప్పుడా ఐఎస్ఓని సీడీ డ్రైవ్‌లోంచి తీసేయండి. ఆ ఫైలు మొదటి పీసీలోనే ఉంటుంది కాబట్టి, రెండో పీసీలో మెషిన్‌ని లేపేటప్పుడు "ఐఎస్ఓ లేదు" అని స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది. లారీలు గేటు దగ్గర ఉన్నప్పుడు ఈ టెన్షన్ అవసరమా?

జాబ్ పెట్టడం

వర్చువల్ మెషిన్ మీద క్లిక్ చేసి, రెప్లికేషన్ ట్యాబ్‌లో యాడ్ నొక్కండి. టార్గెట్‌గా రెండో పీసీ. షెడ్యూల్ డిఫాల్ట్‌గా */15, అంటే ప్రతి పావుగంటకు. సీజన్‌లో నేను */5 చేస్తాను, మిగతా రోజుల్లో పావుగంట చాలు. ఒక నిమిషం దాకా తగ్గించవచ్చు గానీ, ప్రతి నిమిషం విండోస్‌ని ఆపి లేపడం నాకు నచ్చదు. రేట్ లిమిట్ ఆఫీసు నెట్‌వర్క్ లోపల ఖాళీగా వదిలేయండి.

మొదటి విడతలో మొత్తం డిస్క్ వెళ్తుంది కాబట్టి సాయంత్రం కొట్టు కట్టేశాక మొదలుపెట్టండి. విండోస్ 11 అయితే బూట్ సెట్టింగ్స్ ఉండే ఈఎఫ్ఐ డిస్క్, సెక్యూరిటీ కీలు ఉండే టీపీఎం డిస్క్ కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ మీదే ఉన్నాయో లేదో చూసుకోండి.

విండోస్ పేజ్‌ఫైల్‌ని (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలుని) వేరే డిస్క్‌లో పెట్టి, ఆ డిస్క్‌ని రెప్లికేషన్ నుంచి తప్పించమని కొందరు సలహా ఇస్తారు. పంపే డేటా తగ్గే మాట నిజమే. కానీ అవసరం పడిన రోజు ఆ డిస్క్ రెండో పీసీలో ఉండదు, దాన్ని తీసేసేదాకా మెషిన్ స్టార్ట్ కాదు. గిగాబిట్ లోపల మిగిలే ఆ కొద్ది సెకన్ల కోసం ఇంత తిప్పలు ఎందుకు?

జాబ్ పెట్టాక అదే ట్యాబ్‌లో లాస్ట్ సింక్, డ్యూరేషన్, స్టేటస్ కనిపిస్తాయి. ఏదైనా తేడా వస్తే జాబ్ ఎర్రర్‌లోకి వెళ్లి, మీరు పెట్టిన షెడ్యూల్ పక్కనపెట్టి అరగంటకోసారి మాత్రమే మళ్లీ ప్రయత్నిస్తుంది. రూట్ యూజర్‌కి మెయిల్ కూడా పంపుతుంది. ఆ మెయిల్ మీ ఫోన్‌కి చేరేలా అడ్రస్, మెయిల్ సర్వర్ సరిగ్గా పెట్టుకోండి. లేకపోతే నెల రోజుల కింద ఆగిపోయిన కాపీని నమ్ముకుని కూర్చుంటారు.

రెండు మెషిన్ల క్లస్టర్‌తో వచ్చే చిక్కు

ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో ఏ నిర్ణయానికైనా సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి. ఉన్నవి రెండే కాబట్టి, ఒకటి పోతే మిగిలినదానికి కోరం (కావలసినన్ని ఓట్లు) ఉండదు. సెట్టింగ్స్ అన్నీ చదవడానికి మాత్రమే అన్నట్టు లాక్ అవుతాయి. వర్చువల్ మెషిన్ స్టార్ట్ కాదు. కాపీ ఉండీ లేపలేకపోవడం అంటే ఇదే.

మందు రెండు రకాలు. ఒక రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న మూడో మెషిన్‌లో కోరోసింక్ క్యూనెట్‌డీ అనే ప్రోగ్రామ్ వేసి, రెండు పీసీల్లో కోరోసింక్ క్యూడివైస్ వేస్తే, అది మూడో ఓటు వేస్తుంది. డేటా ఏమీ దాచుకోదు. దీన్ని ఆ రెండు పీసీల్లో ఒకదాని మీద వర్చువల్ మెషిన్‌గా మాత్రం పెట్టకండి, ఆ పీసీ పోతే రెండు ఓట్లు ఒక్కసారే పోతాయి. రెండో మందు, అవసరమైన రోజు బతికున్న పీసీలో "పీవీసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1" (pvecm expected 1) అన్న కమాండ్ కొట్టడం, అంటే ఒక్క ఓటు చాలని దానికి చెప్పడం. చిన్న కొట్లకు నేను ఈ రెండోదే వాడతాను, ఎందుకంటే ఆ కమాండ్ కొట్టేముందు ఒక మనిషి ఆలోచిస్తాడు. హెచ్ఏ (హై అవైలబిలిటీ) పెట్టి మెషిన్ దానంతటదే రెండో పీసీకి మారిపోయేలా చేస్తే, చివరి నిమిషాల ఎంట్రీలు పోయిన సంగతి గుమస్తాకి తెలియకుండానే బిల్లింగ్ మళ్లీ మొదలవుతుంది.

కాపీని లేపడం

మొదటి పీసీ నిజంగా పోయిందని తేల్చుకోండి. స్క్రీన్ రావట్లేదంటే పోయినట్టు కాదు. పవర్ కేబుల్ పీకండి, నెట్‌వర్క్ కేబుల్ కూడా పీకండి. ఒకే విండోస్ రెండుచోట్ల నడవకూడదు.

తర్వాత రెండో పీసీ షెల్‌లో, కోరం లేకపోతే పైన చెప్పిన కమాండ్ కొట్టండి. మెషిన్ సెట్టింగ్స్ ఉండే చిన్న ఫైలు ఈటీసీ ఫోల్డర్‌లో పీవీఈ కింద, నోడ్స్‌లో, మొదటి పీసీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, క్యూఎము సర్వర్ లోపల ఉంటుంది. మెషిన్ నంబర్ 100 అయితే ఫైలు పేరు కూడా 100, చివర కాన్ఫ్ అని ఉంటుంది. దాన్ని రెండో పీసీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని క్యూఎము సర్వర్‌లోకి ఎంవీ కమాండ్‌తో జరపండి. కాపీ చేయడం కాదు, జరపడమే. వెంటనే ఆ మెషిన్ రెండో పీసీ కింద కనిపిస్తుంది. స్టార్ట్ నొక్కండి. గుమస్తాకి లాస్ట్ సింక్ టైమ్ చెప్పి, ఆ తర్వాతి చీటీలు మళ్లీ ఎంటర్ చేయమనండి.

మొదటి పీసీ రిపేరై తిరిగొచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఆగిపోయే ముందు రాసిన చివరి నిమిషాల డేటా దాని డిస్క్‌లో ఇంకా ఉండొచ్చు. రెప్లికేషన్ రెండో పీసీ నుంచి మొదటిదానికి మొదలైతే ఆ డిస్క్‌ని రెండింటికీ ఉమ్మడిగా ఉన్న స్నాప్‌షాట్ దాకా వెనక్కి తిప్పేస్తుంది, ఆ నిమిషాలు శాశ్వతంగా పోతాయి. అవి కావాలంటే, మొదటి పీసీ ఆన్ చేయకముందే రెండోదాంట్లో రెప్లికేషన్ జాబ్‌ని డిసేబుల్ చేసి, పాత డిస్క్‌లోంచి కావలసింది తీసుకున్నాక ఎనేబుల్ చేయండి. అప్పుడు జాబ్ టార్గెట్ ఎటు చూపిస్తోందో కూడా చూసుకోండి. పాత పీసీ తిరిగొచ్చి తనంతట తాను విండోస్‌ని లేపేస్తుందేమో అన్న భయం అక్కర్లేదు. ఒంటరిగా లేస్తే దానికి కోరం ఉండదు, క్లస్టర్‌లో కలిస్తే మెషిన్ తనది కాదని తెలుస్తుంది. విసుగు పుట్టించే ఆ ఓట్ల నిబంధన ఇక్కడ కాపలా కాస్తుంది.

పరీక్ష

సులువైన పరీక్ష, ఆదివారం మెషిన్‌ని రెండో పీసీకి మైగ్రేట్ చేయడం. డిస్క్ ముందే అక్కడ ఉంది కాబట్టి త్వరగా అవుతుంది, రెప్లికేషన్ దిశ కూడా దానంతటదే తిరుగుతుంది. సోమవారం అంతా అక్కడే నడవనివ్వండి. నెట్‌వర్క్ బ్రిడ్జ్ పేరు రెండుచోట్లా ఒకటేనా, ప్రింటర్ దొరుకుతోందా, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ గొడవ చేస్తోందా, అన్నీ బయటపడతాయి. యూఎస్‌బీ డాంగిల్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే డాంగిల్ ఏ పీసీకి గుచ్చి ఉందో ఆ రోజే గుర్తొస్తుంది. సీపీయూ టైప్ "హోస్ట్" అని ఉంటే, రెండు పీసీల ప్రాసెసర్లు వేరైనప్పుడు నడుస్తుండగా మైగ్రేట్ చేయడం ప్రమాదం. రెండూ ఒప్పుకునే మామూలు టైప్ పెట్టండి.

కానీ ఇందులో పరీక్ష అయ్యేది రెండో పీసీ. ప్లగ్ పీకిన క్షణంలో కాపీ ఎలా ఉంటుందన్నది కాదు. అది చూడాలంటే రెండో పీసీలో తాజా రెప్లికేషన్ స్నాప్‌షాట్‌ని జెడ్‌ఎఫ్‌ఎస్ క్లోన్ కమాండ్‌తో వేరే నంబర్ డిస్క్‌గా క్లోన్ చేసి, నెట్‌వర్క్ కార్డు లేని ఒక కొత్త మెషిన్‌కి తగిలించి లేపండి. లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి చివరి బిల్లు నంబర్ చూడండి. చూడగానే ఆ మెషిన్‌ని, క్లోన్‌ని తీసేయండి. క్లోన్ ఉన్నంతసేపు ఆ స్నాప్‌షాట్ చెరగదు, పాతదాన్ని చెరపలేక రెప్లికేషన్ గోల పెడుతుంది.

బ్యాకప్ మాత్రం ఆపకండి. గుమస్తా పొరపాటున ఒక కంపెనీ డేటా డిలీట్ చేసినా, ర్యాన్సమ్‌వేర్ దూరినా, అదీ పావుగంటలో రెండో పీసీకి చేరిపోతుంది. రాత్రి బ్యాకప్ ఎప్పటిలాగే మూడోచోటికి వెళ్తూ ఉండాలి.

ఈ ఏర్పాటు కుదరని చోట్లు

రెండో పీసీ వేరే ఊళ్లో ఉంటే క్లస్టర్ వద్దు. దాని మాటామంతీకి కొద్ది మిల్లీసెకన్ల లోపు నెట్‌వర్క్ కావాలి, ఇంటర్నెట్ లైన్ మీద అది నిలబడదు. అలాంటప్పుడు ప్రాక్స్‌మాక్స్ వాళ్లదే పీవీఈ జెడ్‌సింక్, లేదా సింకాయిడ్ వాడండి. క్లస్టర్ లేకుండా ఎస్ఎస్‌హెచ్ అనే భద్రమైన కనెక్షన్ మీద అవే స్నాప్‌షాట్లు పంపుతాయి. మొదటి పూర్తి కాపీ మాత్రం రెండు పీసీలూ ఒకే బల్ల మీద ఉన్నప్పుడే చేసి, తర్వాత ఊరు పంపండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ లేదు, లినక్స్ మీద వర్చువల్‌బాక్స్ (ఇంకో వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్) ఉందంటే దారి ఆర్‌సింక్, ఫైళ్లలో మారిన ముక్కలే పంపే కాపీ ప్రోగ్రామ్. వర్చువల్ మెషిన్‌ని షట్‌డౌన్ చేశాకే నడపాలి. నడుస్తున్న డిస్క్ ఫైలుని కాపీ చేస్తే మొదటి సగం పది గంటలది, రెండో సగం పదిన్నరది అవుతుంది. మామూలుగా ఆర్‌సింక్ అవతల కొత్త ఫైలు మొత్తం తయారుచేసి పాతదాని స్థానంలో పెడుతుంది, దానికి రెట్టింపు చోటు కావాలి. ఇన్‌ప్లేస్ ఆప్షన్ ఇస్తే ఉన్న ఫైలులోనే మారిన ముక్కలు రాస్తుంది. అయితే మధ్యలో కరెంటు పోతే ఆ కాపీ సగం పాతది, సగం కొత్తది అయి దేనికీ పనికిరాదు. కాబట్టి రెండు ఫోల్డర్లు పెట్టి ఒకరోజు ఒకదానికి, మర్నాడు రెండోదానికి పంపండి. స్నాప్‌షాట్లు తీసుకునే అలవాటుంటే డిస్క్ ఫైలు ఒక్కటి చాలదు, ఆ మెషిన్ ఫోల్డర్ మొత్తం పంపాలి. మారింది కొంచెమే అయినా రెండువైపులా ఫైలు మొత్తం చదువుతుంది కాబట్టి సమయం పడుతుంది, రాత్రికి పెట్టుకోండి.